నిట్టూర్పు కొలత

"ఊపిరి వంట మీద పడనీకు" అని మా అత్తయ్య మొదటిసారి అన్నప్పుడు నేను ఫక్కున నవ్వాను. కొత్త కోడల్ని, వేళాకోళం అనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. పోయిన పెద్దలకు పెట్టే వంట రుచి చూడకూడదు, వండుతూ మాట్లాడకూడదు, దాని మీద గాలి వదలకూడదు. పూర్వం వాళ్ళ అత్తగారు పెదవుల మధ్య కాగితం ముక్క కరుచుకుని వండేదట. నాకు ఆ శిక్ష తప్పించి మాస్కు ఇచ్చారు. అప్పటినుంచీ మామయ్యగారి తాత తద్దినానికీ, తండ్రి తద్దినానికీ, చివరికి ఆయనే పోయాక ఆయన తద్దినానికీ, మూతికి మాస్కు కట్టుకుని, నేల మీద పాత పేపర్లు పరిచి, కరెంటు పెనం ముందు గొంతుక్కూర్చుని సొరచేప ముక్కలూ గుమ్మడి చక్రాలూ గుడ్డుసొనలో ముంచి వేయిస్తూనే ఉన్నాను. క్యాబేజీ ఆకుల్ని పిండిలో ముంచి అట్లు వేస్తూనే ఉన్నాను. ఎవరికి? నేను మొహమైనా ఎరగని మనుషులకి. వాళ్ళ మనవలూ మునిమనవలూ మాత్రం ముందుగదిలో కాళ్ళు చాపుకుని బేస్‌బాల్ చూస్తూ, "వాసన అదిరిపోతోంది వదినా!" అంటారు. ఒకసారి నడుము పట్టేసి, నాకు తెలియకుండానే పెద్దగా నిట్టూర్చాను. అత్తయ్య చేతిలో గరిటె ఆగిపోయింది. "ఇంట్లో నీకేం లోటయిందమ్మా, ఆ నిట్టూర్పు?" అన్నారు. మా ఆయన తేసిక్ వంటింట్లోకి నీళ్ళకని వచ్చి, "కాస్త చూసుకో మిరాన్, అమ్మ వింటుంది" అని గుసగుసలాడాడు. తను విన్నాడో లేదో మాత్రం చెప్పలేదు.

ఆ తర్వాత నేర్చుకున్నాను. కుక్కరు ఆవిరిని కొంచెం కొంచెంగా వదిలినట్టు, ముక్కులోంచి, చప్పుడు లేకుండా వదలడం.

తమాషా ఏమిటంటే, నేను జీతం తీసుకునేది ఊపిరి కొలిచినందుకే. దేగు నగరంలో ఒక పెద్దాస్పత్రిలో రేడియేషన్ విభాగంలో ఫిజిసిస్టుని. కడుపులో వచ్చే కేన్సరు కణితి ఒకచోట కుదురుగా ఉండదు. కాలేయమైనా, క్లోమమైనా, మనిషి ఊపిరి తీస్తే కిందికి దిగుతుంది, వదిలితే పైకి వస్తుంది. బతికున్నంతసేపూ ఉయ్యాల ఊగుతూనే ఉంటుంది. కిరణానికి ఆ సంగతి తెలియదు, మనం చూపించిన చోటికే పోతుంది. అందుకని చికిత్సకు ముందు మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, పొట్ట మీద చిన్న డబ్బా ఒకటి పెట్టి, ఊపిరి తీస్తూ ఉండగానే స్కాన్ తీస్తాం. డబ్బా లేచి పడుతుంటే తెర మీద గీత లేచి పడుతుంది. కణితి ఎంత మేర తిరుగుతోందో చూసి, ఆ మేరంతా కలిసొచ్చేలా దాని చుట్టూ హద్దు గీస్తాను. హద్దు చిన్నదైతే కణితి అంచు బయటపడి బతికిపోతుంది, మళ్ళీ పెరుగుతుంది. పెద్దదైతే పక్కనున్న జీర్ణాశయం, పేగులు కాలిపోతాయి. గీసేది నేను, కింద సంతకం పెట్టేది నేను. మీటింగుల్లో అందరికీ కాఫీ కలిపేదీ నేనే. "మిరాన్ గారి చేతి కాఫీ పడితేగానీ నాకు బుర్ర పనిచెయ్యదు" అంటారు మా ప్రొఫెసర్ బ్యోన్. పొట్లం చించి వేడినీళ్ళు పొయ్యడంలో చేతి మహిమ ఏముంటుందో ఆ మహానుభావుడికే తెలియాలి. కొత్త స్కానర్ వచ్చినప్పుడు పరీక్ష కోసం ముందు నేనే బల్లెక్కాను. నా గీత చూసి ఆయన ముచ్చటపడిపోయారు. "ఊపిరంటే ఇలా ఉండాలి! పైకీ లేవదు, కిందికీ పడదు" అన్నారు. ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేటప్పుడు నా గీతే చూపిస్తారు. నేనూ మురిసిపోయానండోయ్, అబద్ధమెందుకు.

ఈ ఏప్రిల్లో ఓక్బున్ అని ఒకావిడ వచ్చింది. డెబ్భైకి దగ్గర. సోంగ్జు దగ్గర పల్లెలో ప్లాస్టిక్ పందిళ్ళు వేసి దోసపండ్లు పండిస్తారు. కాలేయం పైభాగంలో కణితి, సరిగ్గా ఊపిరితిత్తుల కింద. అంటే అందరికంటే ఎక్కువ ఊగే చోట. ఎప్పుడో జీర్ణాశయానికి ఆపరేషన్ అయింది కాబట్టి మళ్ళీ కొయ్యడం కుదరదన్నారు. మిగిలింది కిరణాలే. కొద్ది రోజుల్లోనే పెద్ద మోతాదు ఇచ్చెయ్యాలి, గురి తప్పితే మళ్ళీ ఇంకోసారి ఇవ్వడానికి ఒళ్ళు తట్టుకోదు. భర్త వెంట వచ్చాడు. ఊరికి చాలాకాలం పెద్దగా చేశాడట, కోటూ టోపీ వేసుకుని ముందు నడుస్తున్నాడు, ఆవిడ సంచులు పట్టుకుని వెనక. "ఇదిగో నర్సమ్మా, ఏం చెప్పాలన్నా నాకు చెప్పు. దానికి ఓ పట్టాన అర్థం కాదు" అన్నాడు నాతో. నా మెడలో బోర్డంత కార్డు వేలాడుతోంది. చదవలేదు.

బ్యోన్ గారికి ఆయన ఎవరి ద్వారానో తెలిసినవాడు. అందుకని కంట్రోల్ రూములోకి రానిచ్చి, కుర్చీ వేయించారు. ఆవిడ బల్ల మీద పడుకుంది. నేను మైకులో, "మామూలుగా ఊపిరి తీసుకోండమ్మా, ఇంట్లో ఎలా తీసుకుంటారో అలాగే" అన్నాను. పెద్దాయన నా భుజం మీంచి వంగి మైకు అందుకున్నాడు. "ఏయ్, వినబడుతోందా? పెద్ద పెద్ద డాక్టర్లున్నారిక్కడ. కదలకుండా, చప్పుడు చెయ్యకుండా పడుకో. వాళ్ళని ఇబ్బంది పెట్టావంటే ఊరుకోను!" అన్నాడు. గాజు అవతల ఆవిడ తల ఊపింది. తెర మీద గీత ఎంత బుద్ధిగా వచ్చిందనీ! సన్నసన్నటి అలలు, అన్నీ ఒక్కలాగే. "ఇంత మంచి పేషెంటుని ఈమధ్య చూళ్ళేదు" అన్నారు బ్యోన్. "మా ఇంటి క్రమశిక్షణ" అన్నాడు పెద్దాయన. బల్ల దిగుతున్న ఆవిడతో నేను కూడా, "చాలా బాగా చేశారమ్మా" అన్నాను. కణితి వేలిగోరంత మేర కూడా కదల్లేదు. దానికి సరిపడా చిన్న హద్దు గీశాను.

శుక్రవారం మామయ్యగారి తద్దినం. మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి పెనం ముందు కూర్చుంటానని అత్తయ్యకి మాటిచ్చాను. సోమవారం ఓక్బున్ గారి చికిత్స మొదలు. ప్లాన్ తయారై నా సంతకం కోసం ఉంది. ఆ శుక్రవారం పొద్దున ఆవిడ రక్తపరీక్షకి వచ్చింది. బట్టలు మార్చుకునే గది ముందునుంచి పోతుంటే తెరవెనక నుంచి వినిపించింది.

"ఐ...గో..."

ఏ మందుల కొట్లోనో బస్టాపులోనో, ఒళ్ళు నొప్పో విసుగో వస్తే ఎవరి నోటైనా వినపడే ఐగో కాదది. పాదాల్లో పుట్టి నెత్తిమీదనుంచి పోయినట్టుంది. తెర తీశాను. ఓక్బున్ గారు వంగి మేజోళ్ళు వేసుకుంటోంది. ఒకటి వేసుకుని లేచింది. పొట్ట ఇంతెత్తున లేచి, మొత్తం దిగిపోయి, అక్కడ ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ "ఐగో..."

"అమ్మా, ఎప్పుడూ ఇలాగే తీస్తారా ఊపిరి?" అన్నాను.

"ఏం ఊపిరి?"

"ఇప్పుడు వదిలారే, అది."

"అదా! అది ఊపిరి కాదమ్మాయ్, ఐగో. అదే లేకపోతే ఎప్పుడో గుండె పగిలి చచ్చేదాన్ని. పందిట్లో వంగినప్పుడు ఒకటి, లేచినప్పుడు ఒకటి. మా ఆయన పిలిస్తే రెండు" అని నవ్వింది.

"మరి మొన్న స్కాన్‌లో ఒక్కటీ రాలేదే?"

"అక్కడెలా వస్తుంది? ఆయన ఉన్నాడుగా చెవిలో. మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని కొంచెం కొంచెంగా తీసుకున్నా. బాగా చేశానని నువ్వేగా అన్నావు?"

అన్నాను, నిజమే. "సోమవారం కూడా అలాగే పడుకుంటారా? ఇంకా ఎక్కువసేపు ఉంటుంది."

"అంతసేపే! మొన్నే దిగాక కళ్ళు తిరిగాయి. మొదట్లో పట్టుకుంటాలే. ఎంతసేపని పట్టుకుంటాం తల్లీ, మనిషన్నాక వదలాలిగా" అంది ఆవిడ, రెండో మేజోడు లాక్కుంటూ.

నేను గీసిన హద్దు ఆవిడ మర్యాదకి గీసింది. ఆవిడకి కాదు. సోమవారం బల్ల మీద మొదట మర్యాదగా పడుకుంటుంది, మేం సరిచూసుకుని కిరణం వదులుతాం, మధ్యలో ఆవిడ పట్టు జారి ఒక్క ఐగో వస్తుంది, కణితి హద్దు దాటి పోతుంది, కాలకూడనిది కాలుతుంది. ఇన్నేళ్ళలో నేను మెచ్చుకున్న బుద్ధిమంతుల గీతల్లో ఎన్ని నిజం? ఎంతమంది ఆడవాళ్ళు నా బల్ల మీద కూడా అత్తగారి వంటింట్లో కూర్చున్నట్టు ఊపిరి బిగబట్టి పడుకున్నారో! వాళ్ళని "బాగా చేశారమ్మా" అని పంపింది నేను కాదూ? పాఠాల్లో చూపించే నా సొంత గీత గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది. ఊపిరంటే అలా ఉండాలట! అది ఊపిరి కాదు, అత్తయ్య పెట్టిన మాస్కు.

ప్రొఫెసర్ గదిలోకి వెళ్ళాను. "ఓక్బున్ గారి స్కాన్ మళ్ళీ తియ్యాలి సార్. మొన్నటి గీత ఆవిడది కాదు."

విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ముసలాళ్ళు అన్నాక ఐగో అనరా మిరాన్ గారూ? మీ ఆడవాళ్ళు ప్రతిదాన్నీ మనసుకి పట్టించుకుంటారు. అంత భయమైతే పొట్ట మీద బెల్టు బిగించండి. ఊపిరి దానంతటదే చిన్నదవుతుంది."

బెల్టు చెడ్డదని కాదు, చాలామందికి మేం వాడతాం, మేలే చేస్తుంది. కానీ ఆ పొట్టకి పాత కోత ఉంది. పైగా ఆవిడ బెల్టు నొప్పెడుతోందని చెప్పే మనిషి కాదు.

"బెల్టు కట్టినా కొత్త స్కాన్ కావాలి సార్. అసలు పెద్దగా ఊపిరి తీసే మనిషి కనపడగానే, మనం ఆగుదామని తోచదు, ఆవిడని బిగిద్దామనే ఎందుకు తోస్తుంది?"

"ఈవేళ స్కానర్ ఖాళీ లేదు. సోమవారం బల్ల మీదే చూసుకుందాం. అవునూ, మీ మామగారి తద్దినం అన్నారుగా ఈవేళ? బయల్దేరండి, పాపం అత్తగారు ఎదురుచూస్తుంటారు. సంతకం ఇంకెవరైనా పెడతారు."

"పెట్టేవాళ్ళుంటే పెట్టనివ్వండి. నేనెందుకు పెట్టలేదో మాత్రం ఫైల్లో రాసి, నా పేరు కింద రాసి వెళ్తాను."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని నన్ను చూశారు. ఇన్నేళ్ళలో నన్ను చూడడం అదే మొదటిసారేమో. "సాయంత్రం పేషెంట్లందరూ అయ్యాక తీసుకోండి. యంత్రం నడపడానికి మనిషిని మీరే చూసుకోవాలి" అన్నారు విసుగ్గా.

మనిషిని వెతకనక్కర్లేకపోయింది. స్కానర్ నడిపే సూక్యోంగ్ అక్క, "నేనుంటాలేవే. ఇంటికెళ్తే ఏముంది, బట్టలు మడతపెట్టాలి" అంది.

మధ్యాహ్నం దాటగానే తేసిక్ ఫోను.

"ఎక్కడున్నావు? అమ్మ ఒక్కతే చేపలు కడుగుతోంది!"

"సాయంత్రం దాకా రాలేను. పేషెంటుకి స్కాన్ మళ్ళీ తియ్యాలి."

"ఈవేళేనా? ఇంకెవరూ లేరా?"

"లేరు. నువ్వెళ్ళి వేయించు."

"నేనా? నేను ఆఫీసులో ఉన్నా మిరాన్!"

"నేను కూడా ఆఫీసులోనే ఉన్నా తేసిక్."

గొంతు తగ్గించి, "మా నాన్న తద్దినం ఇది. కొంచెమైనా గౌరవం ఉండక్కర్లా?" అన్నాడు.

నాకు అరవాలనిపించింది. అరవలేదు. "మీ నాన్న పోయి ఎనిమిదేళ్ళయింది. ఇంకో పూట ఆగగలరు. ఇక్కడున్నావిడ ఆగలేదు" అని పెట్టేశాను. ఇంత చిన్నమాట అనడానికి ఇన్నేళ్ళు పట్టిందేమిటా అనిపించింది.

సాయంత్రం పెద్దాయన మళ్ళీ తయారు. "మొన్న బ్రహ్మాండంగా వచ్చిందన్నారుగా! మళ్ళీ ఎందుకు?" అంటూ మైకు దగ్గర కుర్చీ లాక్కోబోయాడు. నేను కుర్చీ వెనక్కి పట్టుకున్నాను.

"మీరు కింది అంతస్తులో కూర్చోండి. అయ్యాక పిలుస్తాం."

"నేను లేకపోతే అది సరిగ్గా చెయ్యదు నర్సమ్మా."

"నేను నర్సుని కాను. మీ ఆవిడ చికిత్సకి లెక్క కట్టేది నేను. మీరుంటేనే ఆవిడ సరిగ్గా చెయ్యలేదు. తలుపు అటు."

టోపీ సర్దుకుని వెళ్ళాడు. ఏదో గొణిగాడు, నాకు వినపడలేదు, వినదలచుకోలేదు.

అయినా ఆవిడ గీత లేవలేదు. అలవాటు అంత తొందరగా పోతుందా? లోపలికి వెళ్ళి బల్ల పక్కన నిలబడ్డాను. "అమ్మా, మమ్మల్ని ఇబ్బంది పెట్టండి" అన్నాను.

"ఆ?"

"ఇబ్బంది పెట్టండి. అందుకే ఉన్నాం. మీరు చిన్నగా తీసుకుంటే నేను తప్పు లెక్క వేస్తాను. పందిట్లో ఒక్కరే ఉన్నారనుకోండి. గంపెడు పండ్లు కోసి, ఇప్పుడే నడుమెత్తారు."

ఆవిడ తలుపు వైపు చూసింది. "ఆయన వినడుగా?" అంది.

"కింద ఉన్నారు. కాఫీ తాగుతున్నారు."

"డబ్బులు పెట్టి కొనుక్కునా? ఐ...గో..." అంది ఓక్బున్. పొట్ట మీద డబ్బా ఎగిరిపడింది. గాజు అవతల సూక్యోంగ్ అక్క "అమ్మబాబోయ్, గీత తెర దాటిపోతోంది!" అని కేక పెట్టింది. నేను పరిగెత్తుకుని వెళ్ళి యంత్రం మొదలుపెట్టమన్నాను.

మొన్న వేలిగోరంతైనా కదలని కణితి బొటనవేలు పొడవున ఊగుతోంది. నేను గీసిన హద్దులోంచి సగానికి సగం బయటికి పోయి వస్తోంది. కానీ ఇంకో సంగతి కూడా కనపడింది. అన్ని నిట్టూర్పులూ ఒకే ఎత్తు లేవలేదు గానీ, అన్నీ ఒకే చోటికి దిగాయి. పూర్తిగా వదిలేశాక, మళ్ళీ తీసుకోబోయేముందు, ఆవిడ లోపల అంతా ఒక్క క్షణం నిలుస్తోంది. ప్రతిసారీ అక్కడే. కిరణం అప్పుడు మాత్రమే వెలిగేలా, మిగతా అంతసేపూ యంత్రం ఆగి ఉండేలా పెట్టొచ్చు. బెల్టు అక్కర్లేదు, బిగబట్టడం అక్కర్లేదు. ఆవిడ నిట్టూర్పు అయ్యేదాకా ఆ కొండంత యంత్రం నోరుమూసుకుని కాచుకుంటుంది. నాకు ఏడుపొచ్చింది. నవ్వు కూడా వచ్చింది.

బ్యోన్ వచ్చి రెండు గీతలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఇలాగైతే ఒక్కొక్క పూటా చాలాసేపు పడుతుంది" అన్నారు.

"పట్టనివ్వండి."

"సరే. కొత్త హద్దు గియ్యండి, సోమవారం ఇలాగే ఇద్దాం." గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. "ఒక కాఫీ..."

"పొట్లాలు ఆ అలమారులో ఉన్నాయి సార్. పాఠాల్లోంచి నా గీత కూడా తీసెయ్యండి. అది తప్పు."

ఓక్బున్ గారు బల్ల దిగుతూ నా చెయ్యి పట్టుకుంది. "బాగా చేశానా?" అని అడిగింది.

"బాగా ఇబ్బంది పెట్టారమ్మా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇంటికి వెళ్ళేసరికి తద్దినం మొదలైంది. పీట మీద సొరచేపా, అట్లూ బజారు ప్లాస్టిక్ పెట్టెల ఆకారంలోనే చతురస్రంగా ఉన్నాయి. కొనుక్కొచ్చారన్నమాట. కొంప మునగలేదు. అత్తయ్య నాకేసి చూడకుండా, మాస్కులోంచే, "మా కోడలికి ఇంట్లోవాళ్ళకంటే ఊళ్ళోవాళ్ళు ఎక్కువ" అని గోడకి చెప్పారు. తేసిక్ దవడ బిగించుకుని తమ్ముడితో, బాబాయితో కలిసి వంగి దణ్ణాలు పెడుతున్నాడు. నేను చేతులు కడుక్కుని వంటింటి గుమ్మంలో ఆవిడ పక్కన నిలబడ్డాను. అదే మా చోటు.

మద్యం పోశారు, అన్నంలో చెంచా గుచ్చారు. చనిపోయినవాళ్ళు తినే సమయం వచ్చింది. మగవాళ్ళు గదిలోంచి బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసి, తలలు వంచుకుని నిలబడ్డారు. ఈ కాసేపూ ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు. ఆ తర్వాత బాబాయిగారు ముమ్మారు దగ్గుతారు, అప్పుడు తలుపు తీస్తారు. మగవాడి దగ్గు ఆచారం. ఆడదాని ఊపిరి అపచారం. ఇన్నేళ్ళుగా ఈ కాసేపూ నేను అసలు ఊపిరే తీసుకునేదాన్ని కాదని ఇప్పుడు తెలిసింది. తెలుస్తూనే లోపలికి తీసుకున్నాను. పొట్ట నిండా, నడుము నొప్పి దాకా, సొరచేప వాసన దాకా. బాబాయిగారు దగ్గడానికి గొంతు సవరించుకుంటున్నారు.

"ఐ...గో..." అన్నాను.

ఇల్లంతా వినపడింది. మూసిన తలుపు అవతల మామయ్యగారికీ వినపడే ఉంటుంది. బాబాయిగారి దగ్గు గొంతులోనే ఉండిపోయింది. అత్తయ్య మాస్కు కిందికి లాగి నావైపు తిరిగారు. తేసిక్ తల ఎత్తి, పళ్ళ బిగువున, "ఏమిటది?" అన్నాడు.

"ఊపిరి" అన్నాను, గొంతు తగ్గించకుండానే. "నాది ఇంత ఉంటుంది. ఇన్నాళ్ళూ మీకు తప్పుడు కొలత ఇచ్చాను. వచ్చే తద్దినం నుంచి ఈ కొలతకి ఏర్పాట్లు చేసుకోండి."